లెక్కలు దాటి ఇంగ్లీషు దగ్గర ఆగిపోతున్నారా?

ప్రశ్న: మాది పొదిలి దగ్గర పల్లె. డిగ్రీ దాకా తెలుగు మీడియమే. ఇప్పుడు ఒంగోలులో రూమ్ తీసుకుని కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష ఎస్ఎస్‌సీ సీజీఎల్‌కి చదువుతున్నాను. లెక్కలు, రీజనింగ్ ఫర్వాలేదు. ఇంగ్లీషు వాక్యంలో తప్పు ముక్క పట్టుకునే ఎర్రర్ స్పాటింగ్‌లో మార్కులు పోతున్నాయి. ప్యారలల్ స్ట్రక్చర్ రూల్ ఎన్నిసార్లు చదివినా బుర్రకెక్కడం లేదు. ఫ్రెండ్స్ 2 వేల ఇడియమ్స్ బట్టీ పట్టమంటున్నారు. పట్టాలా? టెన్షన్‌గా ఉంది సార్.

జవాబు: 2 వేలు పట్టకండమ్మా. ఎందుకో తర్వాత చెబుతాను. ముందు ప్యారలల్ స్ట్రక్చర్ సంగతి చూద్దాం. అది మీకు చిన్నప్పటి నుంచీ వచ్చు.

మీ అమ్మగారు పక్కింటావిడతో "మా అమ్మాయికి వండడం, కుట్టడం, ముగ్గులేయడం వచ్చు" అంటారు. "వండడం, కుట్టడానికి, ముగ్గులేస్తూ వచ్చు" అని ఎప్పుడైనా అన్నారా? వరసలో నిలబెట్టిన మాటలన్నింటికీ ఒకే తోక ఉండాలి. రూల్ అంతే. మరి ఇంగ్లీషులో ఎందుకు తప్పుతాం? మన 'డం' ఒక్కదానికి అక్కడ రెండు వేషాలు: చివర 'ఇంగ్', లేదా ముందు 'టు'. "షి లైక్స్ కుకింగ్" ఒప్పే, "షి లైక్స్ టు కుక్" ఒప్పే. అందుకే "షి లైక్స్ కుకింగ్, స్టిచింగ్ అండ్ టు డ్రా" అని చదివినప్పుడు ఏ ముక్కకా ముక్క బాగానే అనిపించి చెవి ఊరుకుంటుంది. తప్పు ముక్కలో లేదు, వరసలో ఉంది. అక్కడ 'డ్రాయింగ్' అనాలి.

కాబట్టి 'అండ్', 'ఆర్' కనపడగానే ఆగండి. ముందు దాని కుడివైపు మాట చూసి, తర్వాత ఎడమవైపు వెళ్లండి. జంట మాటల దగ్గర ఇంకాస్త జాగ్రత్త. "హి నాట్ ఓన్లీ స్పీక్స్ తెలుగు బట్ ఆల్సో తమిళ్" అంటే 'నాట్ ఓన్లీ' పక్కన క్రియ, 'బట్ ఆల్సో' పక్కన భాష పేరు వచ్చాయి. "హి స్పీక్స్ నాట్ ఓన్లీ తెలుగు బట్ ఆల్సో తమిళ్" అంటే రెండు పక్కలా భాషలే ఉంటాయి.

పోలికల్లో మాత్రం మీ తెలుగు చెవిని నమ్మకండి. "ఒంగోలు ఎండలు బెంగళూరు కంటే ఎక్కువ" అని మనం హాయిగా అనేస్తాం. "ది సమ్మర్ ఆఫ్ ఒంగోల్ ఈజ్ హాటర్ దేన్ బెంగళూర్" అని రాస్తే మార్కు పోతుంది, ఎండాకాలాన్ని ఊరితో పోల్చారు కాబట్టి. "దేన్ దట్ ఆఫ్ బెంగళూర్" అనాలి. నా దగ్గరికొచ్చే పిల్లల్లో పదిమందికి తొమ్మిదిమంది ఇక్కడే బోల్తా పడతారు.

ఇక ఇడియమ్స్. ఇందులో రెండు రకాలున్నాయి. ఒకటి, ఏ మాట పక్కన ఏ ప్రిపోజిషన్, అంటే 'టు', 'విత్', 'అబౌట్' లాంటి చిన్న మాట, రావాలన్నది. దీనికి కారణం చెప్పమంటే ఇంగ్లీషు వాళ్లు కూడా తల గోక్కుంటారు, వాడుక అంతే. మన విభక్తుల్ని అలాగే దించేసరికి తప్పులొస్తాయి. 'గురించి చర్చించాం' అనే అలవాటుతో 'డిస్కస్డ్ అబౌట్' అంటాం, ఆ 'అబౌట్' అక్కర్లేదు. 'అతనితో పెళ్లయింది' అనుకుంటూ 'మ్యారీడ్ విత్' రాస్తాం, కావలసింది 'టు'. 'కాఫీ కంటే టీ ఇష్టం' అన్నా అంతే, 'ప్రిఫర్' పక్కన 'దేన్' రాదు, 'టు' వస్తుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ 'డిస్కస్డ్ అబౌట్' అని రాస్తే మా పై ఆఫీసరు ఎర్రసిరాతో సున్నా చుట్టారు. ఆ సున్నా ఇప్పటికీ కళ్లముందే ఉంది!

రెండోది సామెతల్లాంటి పలుకుబళ్లు. "చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం" బదులు "వేళ్లు కాలాక" అంటే మనకు నవ్వొస్తుంది కదా. వాళ్లకూ అంతే. కుండపోత వానకు వాడే 'రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్'లో కుక్కల్ని ముందుకు తేకూడదు. వీటిని బట్టీ పట్టకుండా మన మాటకు ముడేయండి. 'వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్' అంటే ఏ అమావాస్యకో పున్నానికో. 'బిట్వీన్ ది డెవిల్ అండ్ ది డీప్ సీ' అంటే ముందు నుయ్యి వెనక గొయ్యి. 'క్యారీయింగ్ కోల్స్ టు న్యూకాసిల్' ఉందనుకోండి. న్యూకాసిల్ ఇంగ్లండులో ఒకప్పుడు బొగ్గుకు పేరుపడ్డ రేవు. పలకల ఊరు మార్కాపురానికి పలకలు మోసుకెళ్లినట్టన్నమాట. ఇలా ముడిపడినవి 300 వచ్చినా పరీక్ష హాల్లో గుర్తుకొస్తాయి. బట్టీ పట్టిన 2 వేలు అక్కడ కలగాపులగం అవుతాయి. పాత పేపర్లలో వచ్చినవి మళ్లీ వస్తుంటాయి కాబట్టి వాటితోనే మొదలుపెట్టండి.

ఈ కష్టమంతా ఎందుకంటారా? ఇప్పటి పద్ధతిలో మొదటి దశ పరీక్ష టైర్-1లో ఇంగ్లీషుకు 25 ప్రశ్నలు, 50 మార్కులు. టైర్-2లో మెరిట్‌కి లెక్కకొచ్చే 390లో 135 ఇంగ్లీషువే. అక్కడ ఒప్పుకు 3 వస్తాయి, తప్పుకు 1 పోతుంది.

ఈ ఆదివారం పాత పేపరొకటి తీసి ఎర్రర్ స్పాటింగ్ మాత్రమే చేయండి. తప్పిన ప్రతి వాక్యం పక్కన 'వరస', 'పోలిక', 'ప్రిపోజిషన్' అని కారణం రాసుకోండి. ఏది ఎక్కువసార్లు కనిపిస్తే నెలరోజులు దానిమీదే కూర్చోండి. లెక్కలకిచ్చే టైమ్‌లో మాత్రం కోత పెట్టకండి.