మూడో పాట గురించి ముందుగా

చిక్కడపల్లి, హైదరాబాదు

చిరంజీవి అమ్మాయికి అత్తయ్య ఆశీస్సులు.

నీ ఆల్బమ్ కోసం కట్టుకుని ఆదివారం నువ్వు నా ఫోనులోకి పంపి వెళ్లిన ఐదు పాటలూ ఈ నాలుగు రోజులుగా వింటూనే ఉన్నాను. పగలు ఈ వీధి రొదలో సన్నని సంగతులు వినబడవు. అందుకని రాత్రి పదకొండు దాటాక, ఫ్యాను ఆపుకొని విన్నాను. ఎదురుగా కూర్చుని చెబితే నీ ముఖం చూసి మధ్యలో మెత్తబడిపోతానని ఉత్తరం రాస్తున్నాను.

ముందుగా మూడో పాట. అమీర్‌పేట మెట్రో స్టేషన్లో రోజూ సాయంత్రం ఇద్దరు విడిపోతారు. ఆమె మియాపూర్ వైపు, అతను రాయదుర్గం వైపు. ఒకనాటి నుంచి అతను రాడు. ఆమె మాత్రం రైలు మారే ఆ మెట్ల దగ్గర అలవాటు కొద్దీ ఒక్క క్షణం ఆగుతుంది. కథ అంతే. ఆ పాటలో హృదయం అన్న మాట లేదు, కన్నీరు లేదు, గాయం లేదు. విన్నాక లేచి వెళ్లి చాలాసేపు వరండాలో కూర్చున్నాను. మిగిలిన నాలుగింటిలోనూ ప్రతి చరణంలో గుండె పగులుతోంది. అది ఎవరైనా రాయగలిగే మాట. ఆ మెట్ల దగ్గర ఆగడం నువ్వు ఒక్కదానివే రాయగలవు. అందుకే ఈ ఆల్బమ్‌ను మూడో పాట చుట్టూ కట్టుకో అంటున్నాను. మిగిలినవి దాని పక్కన నిలబడగలవో లేదో చూసి, నిలబడనివాటిని జాలిపడకుండా పక్కన పెట్టు.

నాటకంలో మనకు అష్టవిధ నాయికలను, అంటే ప్రేమలో ఉన్న స్త్రీ ఎనిమిది స్థితులను, కంఠతా పట్టించింది ఇలాంటి పనికే. వాసకసజ్జిక అలంకరించుకుని ఎదురుచూస్తుంది. విరహోత్కంఠిత ఇంకా రాలేదేమని తపిస్తుంది. విప్రలబ్ధ చెప్పిన చోటికి వెళ్లి మోసపోతుంది. ఖండిత తెల్లవారి వచ్చినవాడిని నిలదీస్తుంది. కలహాంతరిత పొమ్మని పంపేసి, తరువాత తానే కుమిలిపోతుంది. ఒకే ప్రేమలో ఇన్ని స్థితులు ఉంటాయని పెద్దలు అంత వివరంగా చూశారు. నీ ఐదు పాటల్లో నాలుగు విరహోత్కంఠితలే. కానీ నువ్వు నాతో చెప్పుకున్న కథ అది కాదే! నువ్వు అతని మీద కోప్పడ్డావు. నెల రోజులు ఫోను ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేదని మా వంటింట్లో కూర్చుని ఏడ్చావు. ఆ కోపం ఏ పాటలో ఉంది? ఆ పశ్చాత్తాపం ఎందులో ఉంది? కోపం పాడడానికి ఆడపిల్లలు ఇప్పటికీ వెనకాడుతున్నారు, అది నాకు బాధ కలిగిస్తుంది. నాలుగింటిలో రెండు తీసేసి, ఒక ఖండితనూ ఒక కలహాంతరితనూ రాయి.

సంతోషం పాట ఒక్కటీ లేకపోవడం ఇంకా పెద్ద లోటు. పోయినదేమిటో తెలియకపోతే పోయిందని వినేవాళ్లు ఎందుకు బాధపడాలి? అలాంటి పాట ఒకటి రాసి రెండో స్థానంలో పెట్టు. మోహనలో కట్టు. తరువాత దుఃఖం పాట శివరంజనిలో కడుతున్నావు కదా, ఆ రెండు రాగాలకూ తేడా ఒక్క గాంధారమే. మోహనలో అంతర గాంధారం ఉన్నచోట సాధారణ గాంధారం వేస్తే శివరంజని అవుతుంది. సంతోషం పాట పల్లవినే తీసుకుని, ఆ ఒక్క స్వరం మార్చి, దుఃఖం పాట చివర మెల్లగా వినిపించు. రాగాల పేర్లు తెలియనివాళ్లకు కూడా ఇది ఎక్కడో విన్నాం, అప్పుడు నవ్వుతూ విన్నాం అనిపిస్తుంది. ఇది హార్మోనియం మీద వాయించి చూశాను, నాకే ఒళ్లు జలదరించింది.

చివరి పాటలో ఆమె కోలుకున్నట్టు చూపించమని ఎవరో సలహా ఇచ్చారన్నావు. నువ్వు ఇంకా కోలుకోలేదు. లేనిది పాడకు.

ఇక గొంతు సంగతి. ఇక్కడే నాకు భయంగా ఉంది, ఎందుకంటే నేను పడిపోయింది ఇక్కడే.

పన్నెండేళ్లుగా నువ్వు చివరి వరసలో కూర్చున్న మనిషికి పాడుతున్నావు. రవీంద్రభారతిలో వెనక గోడకు తగిలేలా పద్యం ఎత్తడం, రాగం తీసి నిలబెట్టడం, జనం వన్స్ మోర్ అంటే అదే ఊపులో మళ్లీ అందుకోవడం నీకు ఊపిరి పీల్చినంత సహజం. స్టూడియోలో చివరి వరస ఉండదు. మైకు నీ నోటికి జానెడు దూరంలో ఉంటుంది. ఈ పాట వినే మనిషి రాత్రిపూట ఒంటరిగా, చెవిలో పెట్టుకుని వింటాడు. నువ్వు అతని చెవి పక్కన ఉన్నట్టే. చెవి పక్కన నిలబడి ఎవరైనా గొంతెత్తి ఏడుస్తారా?

1986లో నేను కాసెట్టు చేసినప్పుడు ఇది ఎవరూ చెప్పలేదు. మూడు రోజుల్లో ఎనిమిది పాటలు పాడాను. రికార్డు చేసినాయన మైకుకు దూరంగా జరగమన్నారు, జరిగాను. గొంతు మాత్రం తగ్గించలేదు. కాసెట్టు ఇంటికి తెచ్చి అందులో ఒక పాట అమ్మకు వినిపించాను. జోలపాటలా కట్టుకున్న పాట అది. విని అమ్మ, ‘ఎవరి మీద కోపమే నీకు?’ అని అడిగింది. ఆ ప్రశ్న ఇంకా నా చెవుల్లో ఉంది. వేదిక మీద నా బలమైనదే అక్కడ నా పాటను చంపేసింది.

అందుకని ఇప్పటి నుంచే సాధన మార్చు. నువ్వు వేదిక మీద ఐదున్నర శ్రుతిలో పాడుతున్నావు. ఈ పాటలకు ఐదుకు దిగు, మూడో పాటకు వీలైతే ఇంకా అర దిగి చూడు. పక్క గదిలో పసిబిడ్డ నిద్రపోతోందనుకుని పాడు. మైకుకు దగ్గరగా జరిగేకొద్దీ గొంతులో మంద్రం పెరుగుతుంది, అది రహస్యం చెప్పే మాటలకు పనికొస్తుంది. పైస్థాయికి వెళ్లేటప్పుడు కొంచెం వెనక్కి జరుగు. పద్యంలో మనకు ఒత్తులు గట్టిగా పలకమని నేర్పారు. కానీ భ, ఫ, ప లాంటి అక్షరాల గాలి నేరుగా మైకుకు కొడితే ధన్‌మని పడుతుంది. మైకు ముందు గాలిని ఆపే జల్లెడ పెట్టినా సరే, ముఖం కాస్త పక్కకు తిప్పి పలుకు. ఒత్తును మాత్రం వదిలేయకు, ‘భారం’ ‘బారం’ కాకూడదు. హెడ్‌ఫోను ఒక చెవి నుంచి సగం తీసి ఉంచితే నీ అసలు గొంతు నీకు వినబడుతుంది. పొద్దున గొంతు బరువుగా ఉంటుంది కాబట్టి మూడో పాట అప్పుడు పాడు, పైస్థాయి ఉన్నవి సాయంత్రం పెట్టుకో. ముందు రాత్రి నాటకం ఉంటే మరునాడు స్టూడియో వద్దే వద్దు.

రాగం తీయడం తగ్గించమంటే నీకు కష్టంగా ఉంటుందని తెలుసు. మన పాతతరం రంగస్థల గాయకులు గ్రామఫోను రికార్డులు ఇచ్చినప్పుడు వాళ్లకూ ఇదే కష్టం వచ్చింది. నిమిషానికి 78 తిరుగుళ్ల రికార్డు ఒక వైపు పట్టేది మూడు నిమిషాల పైచిలుకే. వేదిక మీద జనం చప్పట్లు కొట్టేదాకా పెంచే రాగాన్ని అందులో ఇమడ్చాలి. ఏది వదలాలో తెలిసినవాళ్ల రికార్డులు ఇప్పటికీ వినగలుగుతున్నాం. నీకు ఆ నిమిషాల హద్దు లేదు కాబట్టి హద్దు నువ్వే పెట్టుకోవాలి.

ఇప్పుడు చాలామంది లైను లైనుగా పాడి అతికిస్తున్నారు. నువ్వు పల్లవి మొత్తం ఒక్క ఊపిరి మీద నడిచేలా పాడు, తప్పు వచ్చినచోట మాత్రం ఆ ముక్క మళ్లీ పాడు. మూడో పాటకు చెవిలో టిక్కు టిక్కుమనే లెక్క కూడా పెట్టించుకోకు. తాళం లేకుండా పద్యం పాడి పెరిగినదానివి, గిటారు వాయించే అబ్బాయినే నీ ఊపిరి వెంట నడవమను. శ్రుతి సరిదిద్దే సాఫ్ట్‌వేర్, స్వరాన్ని ఊపి పలికే గమకాన్ని కూడా తప్పుగా లెక్కగట్టి చదును చేసేస్తుంది. మిక్సింగ్ చేసేవాళ్ల పక్కన కూర్చుని, గమకాలున్న చోట్ల అది వాడవద్దని అడుగు. అడగడానికి మొహమాటపడకు, ఆ పాట కింద ఉండేది నీ పేరు.

కాగితాల సంగతి క్లుప్తంగా చెబుతాను, కానీ రెండుసార్లు చదువు. నా కాసెట్టుకు సంతకం పెట్టిన కాగితం నేను చదవలేదు. తరువాత నా పాటలు వేరే కాసెట్లలో కలిపి అమ్మారు, వాటి మీద నా పేరు కూడా లేదు. అడగడానికి నా దగ్గర కాగితం నకలు లేదు. ఇప్పుడు చట్టం కొంత మేలు. 1957 కాపీరైటు చట్టానికి 2012లో చేసిన సవరణ వల్ల పాట రాసినవాళ్లూ వరస కట్టినవాళ్లూ తమ రాయల్టీ వాటాను కంపెనీకి వదులుకోవడం కుదరదు. సాహిత్యం, బాణీ రెండూ నీవే కాబట్టి రచయితలకూ స్వరకర్తలకూ రాయల్టీ వసూలు చేసి ఇచ్చే సంఘం ఐపీఆర్ఎస్‌లో సభ్యత్వం తీసుకో. హక్కులు ఎంతకాలానికి, ఏ ప్రాంతానికి ఇస్తున్నావో ఒప్పందంలో రాయించు. రాయకపోతే చట్టం ప్రకారం ఐదేళ్లు, భారతదేశం వరకు అని లెక్క. అందుకే కొందరు ‘శాశ్వతంగా, ప్రపంచమంతా’ అని ముందే అచ్చు వేయించి తెస్తారు. ఆ మాట కనబడితే సంతకం ఆపి నాకు ఫోను చెయ్యి. రికార్డింగును తమ చొరవతో, తమ బాధ్యత మీద చేయించినవాళ్లే చట్టం ప్రకారం దానికి నిర్మాతలు, ఆ హక్కు 60 ఏళ్లు ఉంటుంది. సొంత డబ్బుతో చేయగలిగితే నాలుగు పాటలే చెయ్యి, కానీ నీవిగా ఉంచుకో. ఒక్కో పాటకు ఆ రికార్డింగును గుర్తుపట్టడానికి అక్షరాలూ అంకెలూ కలిపి 12 ఉన్న ఐఎస్ఆర్‌సీ కోడ్ వస్తుంది. అవి ఒక పుస్తకంలో రాసి దాచు.

ఒక్క మాట అడగాలి. మూడో పాట విడుదలయ్యాక అతను వింటాడు, వినకుండా ఉండడు. ఆ మెట్లు అతనికీ తెలుసు. విన్నాక ఫోను చేయవచ్చు, చేయకపోవచ్చు. ఆ రెండింటిలో ఏదైనా తట్టుకోగలనని నీకు అనిపించాకే విడుదల తేదీ పెట్టుకో. ఆలస్యమైతే పాట ఎక్కడికీ పోదు.

వచ్చే గురువారం సాయంత్రం నాటకం లేదన్నావు కదా, ఇంటికి రా. హార్మోనియంలో పలకని రెండు రీడ్లు బాగుచేయించాను. నాలుగున్నర శ్రుతిలో నువ్వు మూడో పాట పాడుతుంటే వినాలని ఉంది. అన్నం ఇక్కడే తిందువుగాని.

ఇట్లు
నీ అత్తయ్య