టెక్ సందేహాలు: డీఎన్ఎస్ లోపానికి ఫార్మాట్ మందు కాదు

ప్రశ్న: గాలివానకు పోయిన కరెంటు తిరిగి వచ్చినప్పటి నుంచి మా డెస్క్‌టాప్‌లో ఏ సైటూ తెరుచుకోవడం లేదు. ‘డీఎన్ఎస్ సర్వర్ స్పందించడం లేదు’ అని వస్తోంది. వైఫై గుర్తు బాగానే ఉంది, ఫోన్లో అన్నీ వస్తున్నాయి. షాపులో చూపిస్తే ఫార్మాట్ చేయాలన్నారు. రొయ్యల చెరువుల లెక్కలన్నీ అందులోనే ఉన్నాయి. చేయించమంటారా?
– ఒక పాఠకుడు, రాజోలు

వద్దు. దయచేసి ఆ పని చేయించకండి. ఈ లోపానికీ మీ లెక్కల ఫైళ్లకూ సంబంధం లేదు. చాలాసార్లు తప్పు కంప్యూటర్లో ఉండనే ఉండదు. అలాంటప్పుడు ఫార్మాట్ చేయించి ఇంటికి తెచ్చినా అదే సందేశం మళ్లీ కనిపిస్తుంది. పోయేది మీ లెక్కలే.

మనం సైటు పేరు టైప్ చేస్తాం. కంప్యూటర్లు ఒకదాన్నొకటి వెతుక్కునేది మాత్రం అంకెల చిరునామాతో. పేరు ఇస్తే ఆ అంకెలు చెప్పే ఏర్పాటే డీఎన్ఎస్. 1983లో పాల్ మొకపెట్రిస్ దీన్ని రూపొందించారు. మీ కంప్యూటర్ సాధారణంగా రూటర్‌ను అడుగుతుంది, రూటర్ నెట్ ఆపరేటర్ సర్వర్‌ను అడుగుతుంది. ఈ వరసలో జవాబు ఎక్కడ ఆగినా మీకు కనిపించే సందేశం దాదాపు ఒకటే. చిక్కంతా అక్కడే ఉంది. శివారు చేనుకు నీరందకపోతే రైతు ముందు తన బోదె చూసుకుంటాడు, తర్వాత పిల్లకాలువ, ఆ తర్వాతే లాకుల దగ్గరికి వెళతాడు. మీరూ అలాగే ఒక్కో మెట్టూ చూసుకుంటూ వెళ్లాలి.

ఫోన్లో అన్నీ వస్తున్నాయన్న మాటను ముందు పరీక్షించండి. వైఫైలో నెట్ లేదని గ్రహిస్తే చాలా ఫోన్లు మనకు తెలియకుండానే మొబైల్ డేటాకు మారిపోతాయి. మొబైల్ డేటా ఆపేసి, వైఫై ఒక్కదానితోనే చూడండి. అప్పుడు ఫోన్లోనూ రాకపోతే కంప్యూటర్‌ను వదిలేసి రూటర్ దగ్గరికి వెళ్లండి. ఫైబర్ పెట్టె మీద ‘ఎల్ఓఎస్’ దీపం ఎర్రగా ఉంటే బయటి నుంచి సంకేతమే అందడం లేదని అర్థం. కోనసీమలో కొబ్బరి తోటల మధ్యగా లాగిన తీగ మీద ఒక మట్ట విరిగి పడినా చాలు. దానికి ఆపరేటర్ మనిషి రావాల్సిందే. ఎరుపు లేకపోతే ప్లాను గడువు చూసుకోండి. గడువు తీరినా దీపాలు వెలుగుతూనే ఉంటాయి. అదీ కాకపోతే రూటర్ ప్లగ్గు తీసి, అర నిమిషం ఆగి పెట్టండి. వెనక ఉన్న చిన్న రీసెట్ రంధ్రంలో మాత్రం పిన్ను గుచ్చకండి, ఆపరేటర్ పెట్టిన సెట్టింగులన్నీ చెరిగిపోతాయి.

ఫోన్ వైఫైతోనే పనిచేస్తుంటే లోపం కంప్యూటర్ వైపు ఉంది. కమాండ్ ప్రాంప్ట్ (ఆదేశాలు టైప్ చేసే కిటికీ) తెరిచి, ఇంగ్లీషు అక్షరాల్లో ‘పింగ్’ (ping) అని, కాస్త ఖాళీ వదిలి 8.8.8.8 అని కొట్టండి. ఇది గూగుల్ 2009 నుంచి నడుపుతున్న డీఎన్ఎస్ సర్వర్ చిరునామా. జవాబులు వస్తే దారి బాగుంది, పేరు దగ్గరే చిక్కు. రాకపోతే డీఎన్ఎస్ అంకెలు మార్చి ప్రయోజనం లేదు. వైఫైని తెంచి మళ్లీ కలపండి, కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయండి.

పేరు దగ్గరే చిక్కని తేలితే అదే కిటికీలో ‘ఐపీకాన్ఫిగ్’, ఖాళీ, ఏటవాలు గీత, ‘ఫ్లష్‌డీఎన్ఎస్’ (ipconfig /flushdns) అని కొట్టండి. కంప్యూటర్ గుర్తుపెట్టుకున్న పాత చిరునామాలు చెరిగిపోతాయి. ఫైళ్ల జోలికి పోదు. అప్పటికీ రాకపోతే సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్ తెరిచి, మీ వైఫై ప్రాపర్టీస్‌లో డీఎన్ఎస్ సర్వర్ అసైన్‌మెంట్ చూడండి. అక్కడ ‘మాన్యువల్’ అని ఉండి, మీరెప్పుడూ పెట్టని అంకెలు కనిపిస్తే దోషి దొరికినట్టే. ఎప్పుడో వేసి తీసేసిన వీపీఎన్ (నెట్‌ను వేరే సర్వర్ మీదుగా మళ్లించే ప్రోగ్రామ్) ఇలాంటి మిగుళ్లు వదిలిపోతుంది. ‘ఆటోమేటిక్’కు మార్చండి. ముందే ఆటోమేటిక్‌లో ఉంటే మాన్యువల్ ఎంచుకుని, ఐపీవీ4 కింద 1.1.1.1, రెండో గడిలో 8.8.8.8 ఇచ్చి చూడండి. ఒక బ్రౌజర్లో వచ్చి మరోదానిలో రాకపోతే, రాని బ్రౌజర్ సెట్టింగుల్లో ‘సెక్యూర్ డీఎన్ఎస్’ ఆపి చూడండి.

ఇవన్నీ చేసినా కుదరక ఇంకెవరైనా ఫార్మాట్ అంటే, చెరువుల లెక్కలు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకున్నాకే ఆ మాట వినండి. నెట్ లేకపోయినా కాపీ అవుతుంది.

ప్రశ్న: ఒక వీడియోలో చెప్పిన డీఎన్ఎస్ నంబరు పెడితే నెట్ వేగం రెట్టింపవుతుందట. పెట్టుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, పాలకొల్లు

వేగం పెరగదు. పేరు వెతికే క్షణం కాస్త తగ్గవచ్చు, డౌన్‌లోడ్ వేగం మీ ప్లానును బట్టే ఉంటుంది. ఆ నంబరు ఎవరిదన్నదే అసలు ప్రశ్న. డీఎన్ఎస్ నడిపేవాడు తలచుకుంటే మీరు బ్యాంకు పేరు కొట్టినా మరో చోటికి పంపగలడు. డీఎన్ఎస్‌ఛేంజర్ అనే మాల్వేర్ (హానికర ప్రోగ్రామ్) లక్షల కంప్యూటర్లలో ఈ అంకెలనే మార్చేసింది. 2011 నవంబరులో ఆ ముఠా పట్టుబడ్డాక, దాని సర్వర్ల స్థానంలో తాత్కాలికంగా మంచి సర్వర్లు నడిపి, 2012 జూలై 9న ఆపేశారు. అప్పటికీ అంకెలు సరిచేసుకోని కంప్యూటర్లకు ఆ రోజు నుంచి సైట్లు తెరుచుకోలేదు. గూగుల్‌వి, క్లౌడ్‌ఫ్లేర్ వారి 1.1.1.1, క్వాడ్9 వారి 9.9.9.9 పేరున్నవి. వాటిలో ఒకటి పెట్టుకోండి, లేదా ఆటోమేటిక్‌లోనే ఉంచండి. ఈ అంకెలను రూటర్లోనూ మార్చేయవచ్చు గనుక, దాని అడ్మిన్ పాస్‌వర్డ్ (సెట్టింగులు తెరిచేది) కొన్నప్పటిదే ఉంటే ఈ రోజే మార్చండి.