కీమో తర్వాత జ్వరమా? డోలోతో సరిపెట్టకండి

ప్రశ్న: అమ్మకు 54 ఏళ్లు, రొమ్ము క్యాన్సర్. ఎర్ర మందు కీమో రెండో సైకిల్ అయి పది రోజులైంది. జుట్టంతా ఊడింది, వాంతులు. డీఎన్ఏను మడతపెట్టి, అందులో మందు దాచి నేరుగా గడ్డకే పంపుతారని వీడియోలో చూశాం. అది వచ్చేదాకా కీమో ఆపొచ్చా? నిన్నటి నుంచి కొద్దిగా జ్వరం, డోలో వేస్తే తగ్గుతోంది.
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: డీఎన్ఏ సంగతి తర్వాత. చివర్లో ఏదో గుర్తొచ్చినట్టు రాశారే, ఆ జ్వరం గురించే నా టెన్షన్. కీమో ఇచ్చాక 7 నుంచి 14 రోజుల మధ్య తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి. అమ్మగారు సరిగ్గా ఆ రోజుల్లోనే ఉన్నారు. ఇప్పుడు 100.4 డిగ్రీలు దాటిందంటే ఎమర్జెన్సీయే. డోలో జ్వరాన్ని కనపడకుండా చేస్తుంది, లోపలి ఇన్ఫెక్షన్‌ను ఏమీ చేయదు. అగనంపూడి క్యాన్సర్ ఆసుపత్రిలో చూపిస్తున్నారో, విశాఖ కేజీహెచ్‌లోనో రాయలేదు. ఎక్కడైనా సరే, ఇది చదవగానే బయల్దేరండి. ఓపీ కోసం తెల్లారేదాకా ఆగొద్దు. సీబీసీ (రక్తకణాలు లెక్కపెట్టే పరీక్ష) చేసి, అవసరమైతే వెంటనే నరంలోకి యాంటీబయాటిక్ మొదలుపెడతారు. మెడికల్ షాపులో అడిగి బిళ్లలు తెచ్చి వేయకండి. ‘వేడి చేసిందిలే’ అని మజ్జిగ తాగించి, మూడో రోజుకి స్ట్రెచర్ మీద తెచ్చేవాళ్లను చూసి చూసి విసుగొచ్చింది, ఏమీ అనుకోకండి.

ఇక మీరడిగింది. 2006లో అమెరికాలోని కాల్టెక్‌లో పాల్ రోథెమండ్ ఒక వైరస్‌కు చెందిన పొడవాటి డీఎన్ఏ పోగును, రెండు వందలకు పైగా చిన్న పోగులతో కుట్లు వేసినట్టు పట్టి, కోరిన ఆకారాల్లోకి మడిచారు. అమ్మగారికి ఎక్కిస్తున్న ఎర్ర మందు, అంటే డాక్సోరుబిసిన్, అసలే నిచ్చెనలా ఉండే డీఎన్ఏ మెట్ల మధ్య దూరే రకం. అందుకే ఆ మడతల్లోనూ ఇమిడి కూర్చుంటుంది. ఎలుకల్లో ఫలితాలు ఆశ పుట్టించాయి. చిక్కల్లా రక్తంలోకి వెళ్లాకే. అక్కడ డీఎన్ఏను కొరికేసే ఎంజైములుంటాయి, మడత విడిపోకుండా పట్టి ఉంచే మెగ్నీషియం చాలదు. పైన పూత వేసి కాపాడాలని చూస్తున్నారు. మామూలు చికిత్సగా ఇంకా ఎక్కడా లేదు. గడ్డ మాత్రం దానికోసం ఆగదు, కీమో ఆపకండి.

కొవ్వు బుడగలో పెట్టిన డాక్సోరుబిసిన్ మాత్రం మన దగ్గరా దొరుకుతుంది. అది అందరికీ నప్పదు. మీ ఆంకాలజిస్టే తేల్చాలి. వాంతులకు మంచి మందులున్నాయి, అడగండి. జుట్టు మళ్లీ వస్తుంది. ఈ ఎర్ర మందు గుండె మీదా పడొచ్చు, అందుకే అడుగుతున్నా: గుండెకు 2డీ ఎకో (స్కాన్) తీశారా? రిపోర్టులు చూడకుండా ఇంతకు మించి చెప్పలేను.

‘కొద్దిగా జ్వరం’ అన్నారంటే ఇంట్లో థర్మామీటర్ లేదనుకుంటాను. ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు ఒకటి కొనండి.