తడిసిన వరిగడ్డి తిన్న గేదెలకు తోక ఎండిపోతోంది, ఏం చేయాలి?

ప్రశ్న: మాకు నాలుగు ముర్రా గేదెలున్నాయి. డిసెంబరు తుఫానుకు పనల మీద తడిసిన గడ్డినే ఆరబెట్టి వామి వేశాం. నెల రోజులుగా అదే మేపుతున్నాం. రెండింటికి వెనక కాళ్లు వాచి కుంటుతున్నాయి. ఒకదానికి తోక చివర నల్లబడింది. గాలికుంటు అనుకుని మందు పూశాం, తగ్గలేదు.
– ఓ రైతు, కోనసీమ

జవాబు: ఆ గడ్డిని ఈ పూట నుంచే ఆపండి. అది ఆపకుండా ఏ మందు వాడినా దండగే.

గాలికుంటైతే ముందు జ్వరం వస్తుంది, నోట్లో పుండ్లు లేచి చొంగ కారుతుంది. నోరు శుభ్రంగా ఉండి కాళ్లు, తోక, చెవి కొనలు మాత్రమే దెబ్బతింటే డెగ్నాలా జబ్బని అనుమానించాలి. పాకిస్తాన్ పంజాబులోని డెగ్ నాలా అనే వాగు పేరే దీనికి వచ్చింది. ఇది అంటువ్యాధి కాదు. ఒకే వామి మేసినవాటికి వరసగా వస్తుంది గనుక అంటుకుందనుకుంటారు. తడి గడ్డిలో పెరిగే ఫ్యుజేరియం బూజు విషం సన్న రక్తనాళాలను బిగించేస్తుంది. గుండెకు దూరంగా ఉన్న కొనలకు రక్తం అందదు, చలికాలంలో మరీ అందదు. ఆవుల కన్నా గేదెలకే ఎక్కువ.

తోకను మొదలు నుంచి కిందికి వేళ్లతో తడుముతూ రండి. ఒకచోట వెచ్చదనం ఆగి, చల్లగా కట్టెలా తగులుతుంది. ఆ గీతకు దిగువన ఉన్నది చచ్చిన కండ, అది తిరిగి రాదు. చీము పైకి పాకకముందే డాక్టరు చేత తీయించండి. కాళ్లు ఇంకా వాపు దశలోనే ఉంటే ఆశ ఉంది. రోజుకు రెండుసార్లు గోరువెచ్చటి నీటితో కాపడం పెట్టండి. డాక్టరు సలహాతో 2 శాతం నైట్రోగ్లిజరిన్ ఆయింట్‌మెంట్ రాయవచ్చు. చేతికి తొడుగు లేకుండా రాస్తే మీకే తలనొప్పి వస్తుంది. పుండ్లను పొటాషియం పర్మాంగనేట్ నీటితో కడిగి, ఈగలు వాలకుండా వేపనూనె రాయండి.

లోపలికి పెంటాసల్ఫేట్ మిశ్రమం ఇస్తారు. ఫెర్రస్ సల్ఫేట్ 166, మెగ్నీషియం సల్ఫేట్ 100, జింక్ సల్ఫేట్ 75, కాపర్ సల్ఫేట్ 24, కోబాల్ట్ సల్ఫేట్ 15 గ్రాములు కలిపితే ఒక పెద్ద గేదెకు సరిపోతుంది. మొదటి రోజు 60 గ్రాములు, తర్వాత పది రోజులు 30 గ్రాముల చొప్పున దాణాలో పెట్టాలి. దూడలకు మోతాదు డాక్టరే చెప్పాలి. గొర్రెలకు మాత్రం పెట్టకండి, రాగి వాటికి విషం.

వామిని పైనుంచి చూసి మోసపోవద్దు. నడుమ చేయి దూర్చి ఒక పిడికెడు లాగండి. వెచ్చగా ఉన్నా, ముక్క వాసన వచ్చినా, తెల్లని, నల్లని లేదా గులాబీ పొడి చేతికి అంటినా ఆ భాగం మేతకు పనికిరాదు. మెషిన్ కట్టిన మోపులైతే తాడు కోసి నడుమ చూడాలి, తడి అక్కడే నిలుస్తుంది. పాడైన గడ్డిని ఎరువు గుంటలో వేయండి. పశువుల కింద పరిస్తే అవి ఎలాగూ నములుతాయి. వచ్చే ఏడు గడ్డి మెలిపెడితే పుటుక్కున విరిగేదాకా ఎండబెట్టి, నేలకు అడుగు ఎత్తున బల్ల మీద వామి వేయండి.

దాణా కూడా చూసుకోండి. వేరుశనగ చెక్కకూ మొక్కజొన్నకూ పట్టే బూజు వేరు, దాని అఫ్లాటాక్సిన్ అనే విషం కాలేయాన్ని తింటుంది. ఉడకబెడితే బూజు చస్తుంది గానీ విషం పోదు. పైగా ఒక్క రోజులోనే పాలలోకి దిగుతుంది. అలాంటి చెక్క పెట్టి ఉంటే, ఆపిన తర్వాత కనీసం నాలుగు రోజుల పాలు పిల్లలకు పట్టకండి, కేంద్రానికి పోయకండి.