మా అమ్మకి ఆ ఫారంలో ఉన్నది ఒక్క సంతకం గడే

ప్రశ్న: మాజీ సైనికులు, వాళ్ల కుటుంబాల బాగోగుల మీద యూనివర్సిటీల్లో పరిశోధనలు చేస్తుంటారు కదా, వాటివల్ల ఆ కుటుంబాలకు నిజంగా ఏమైనా ఒరుగుతుందా?

మాది అలాంటి ఇల్లే కాబట్టి చెబుతున్నాను. ఒరుగుతుంది, అడగాల్సిన మనిషిని అడిగితే. మన దగ్గర అడుగుతున్నది జవానుని. అడగాల్సింది జవాను పెళ్లాన్ని. ఈ విషయంలో ఎవరెంత వాదించినా నా మాట మారదు, ముందే చెప్పేస్తున్నా.

మా నాన్న 1982లో, పంతొమ్మిదో ఏట, మద్రాస్ సాపర్స్‌లో చేరాడు, సైన్యంలో ఇంజనీరింగ్ పనులు చేసే దళం అది. బెంగళూరులో ట్రైనింగు, తర్వాత దేశమంతా తిరుగుడు. 2004లో హవల్దారుగా పెన్షన్ వచ్చాడు. మిలటరీ వాళ్లలో చాలామంది రిటైరయ్యానని అనరు, పెన్షన్ వచ్చానంటారు. అప్పటికి ఆయనకి 41 ఏళ్లు. బ్యాంకులోనో బడిలోనో పనిచేసేవాళ్లకి ప్రమోషన్ల గురించి ఆలోచన మొదలయ్యే వయసు అది. మా ఇంట్లో అప్పటికే ట్రంకు పెట్టె అటకెక్కింది.

నా చిన్నప్పుడు నాన్న ఉండే ఊరి పేరు 56 ఏపీఓ అనుకునేదాన్ని. ఉత్తరం మీద అదే రాసేవాళ్లం కదా. ఐదో క్లాసులో అట్లాస్ ముందేసుకుని వెతికాను, దొరకలేదు. అది ఊరు కాదమ్మా, మిలటరీ పోస్టాఫీసు అని సోషల్ మాస్టారు చెప్పినా కొన్నాళ్లు నమ్మలేదు. ఊరు లేకుండా పోస్టాఫీసు ఎలా ఉంటుంది?

ఇక అసలు సంగతి. 2018లో అనుకుంటా, గుంటూరు కొరిటెపాడులోని మా ఇంటికి ఒక రీసెర్చ్ స్కాలర్ వచ్చాడు. పాతికేళ్ల కుర్రాడు, నెమ్మదస్తుడు. చేతిలో పదకొండు పేజీల ఫారం. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, కుర్చీకి వీపు ఆనించకుండా కూర్చున్నాడు. అలా కూర్చున్నాడంటే ఇక ఆయన నోటి నుంచి నిజం రాదని మా ఇంట్లో అందరికీ తెలుసు. పాపం, ఆ అబ్బాయికి తెలీదు.

"గత నాలుగు వారాలలో మీరు ఎంత తరచుగా నిరాశా నిస్పృహలకు లోనయ్యారు అంకుల్?"

"నిస్పృహ అంటే?"

"అంటే... డిప్రెషన్ అండి."

"అట్లాంటివి మాకుండవు. సున్నా వేసుకో బాబూ."

నాకు ఇక్కడే ఒళ్లు మండుతుంది. ఎవరో ఇంగ్లీషు ప్రశ్నని ముందు పెట్టుకుని, పక్కన నిఘంటువు పెట్టుకుని రాసినట్టుంది ఆ తెలుగు. గుంటూరులో నిస్పృహకి లోనైనవాణ్ని నేనింతవరకు చూడలేదు. దిగులుపడ్డవాళ్లని చూశాను. 'ఏం తోచట్లేదు' అని రోజుకు పదిసార్లు అనేవాళ్లని చూశాను, వాళ్లలో మా నాన్న ఒకడు. ఆ ఫారంలో 'మీకు ఈమధ్య ఏమీ తోచకుండా ఉంటోందా' అని ఒక్క ప్రశ్న ఉంటే ఆయనే నిజాయితీగా అయిదుకి అయిదు వేయించుకునేవాడు.

తర్వాత, "యుద్ధంలో పాల్గొన్నారా?" అని అడిగాడు. నాన్న కొంచెంసేపు ఆలోచించి "లేదు" అన్నాడు. అబ్బాయి నాలుగు పేజీలు ఒకేసారి తిప్పేశాడు. లేదు అంటే ఆ పేజీలు అడగక్కర్లేదట, ఫారంలోనే బాణం గుర్తు వేసి ఉంది.

నాన్న అబద్ధం చెప్పలేదు. 2001 డిసెంబరు 13న పార్లమెంటు మీద దాడి జరిగాక సైన్యాన్ని పెద్ద ఎత్తున పాకిస్తాన్ సరిహద్దుకి తరలించారు, ఆపరేషన్ పరాక్రమ్ అన్నారు. 2002 అక్టోబరు దాకా అక్కడే. యుద్ధం జరగలేదు. కానీ సరిహద్దు పొడుగునా మందుపాతరలు పాతారు, తర్వాత వాటిని మళ్లీ తీశారు. పాతడమూ తీయడమూ ప్రధానంగా సాపర్ల పనే. తీసేటప్పుడు కూడా జనం పోయారని నాన్న ఎప్పుడో ఒకసారి, మా బాబాయితో అంటుంటే విన్నాను. రాజస్థాన్ వైపు ఇసుక గాలికి కదులుతుంది, పెట్టినచోట పెట్టినట్టు ఉండవు కదా. ఇదంతా ఆ నాలుగు పేజీల్లోకి రావాల్సిన సంగతి. బాణం గుర్తు దాన్ని దాటేసింది.

వంటింట్లో టీ వడగడుతున్న అమ్మ గిన్నె పట్టుకునే బయటికొచ్చింది.

"ఆ పేజీలెందుకు తిప్పావు బాబూ?"

"అంకుల్ యుద్ధానికి వెళ్లలేదన్నారండి."

"అయితే ఆయన మా సందులోంచి ఎందుకు నడవడో అడుగు."

ఆ రోజుల్లో గుంటూరులో ఉన్నవాళ్లకి గుర్తుండే ఉంటుంది, భూగర్భ డ్రైనేజీ కోసం వీధులన్నీ తవ్విపోశారు. పైపు వేయడం, పైన మట్టి లాగేయడం, వెళ్లిపోవడం. వాన పడితే స్కూటర్లు దిగబడేవి, మా ఎదురింటావిడ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని కూరగాయలకి వెళ్లేది. అందరం తిట్టుకుంటూనే ఆ మట్టి మీదే నడిచాం. నాన్న నడవలేదు. పాల ప్యాకెట్ల కొట్టు మా సందు చివర్నే, వంద అడుగులు. ఆయన ఇటు తిరిగి, రామాలయం చుట్టూ, వెనకవీధిలోంచి వెళ్లేవాడు. అడిగితే "దుమ్ము పడదు" అనేవాడు. పొలంలోనూ అంతే, దున్నిన చేలో దిగడు, గట్టు మీదే నిలబడి కౌలురైతుతో మాట్లాడి వచ్చేస్తాడు. నేను ఇవన్నీ చూస్తూనే పెరిగాను గానీ ఒకదాని పక్కన ఒకటి పెట్టలేదు. అమ్మ పెట్టింది.

నాన్న లేచి "మోటారు కట్టేసొస్తా" అని బయటికెళ్లాడు. మోటారు వేసి లేదు.

ఆయన అటు వెళ్లాక అమ్మ కుర్చీలాక్కుని కూర్చుంది. ఆ అబ్బాయి అదృష్టం బాగుండి అడగకుండానే చెప్పింది.

నాన్నకి ఏడాదికి రెండు నెలల యాన్యువల్ లీవు, నెల రోజుల క్యాజువల్ లీవు. కాగితం మీద లెక్క అది, ఒక్కోసారి రైలెక్కే ముందు రోజు రద్దయ్యేది కూడా. "సెలవుకొచ్చినప్పుడు మనిషి కొత్తల్లుడిలా ఉండేవాడు బాబూ. ఏం పెట్టినా తినేవాడు, ఏం చెప్పినా ఊఁ అనేవాడు. పెన్షనొచ్చాకే నాకు తెలిసింది నేనెవర్ని చేసుకున్నానో."

వచ్చిన పదో రోజున అమ్మ గుడికి వెళ్లొచ్చేసరికి వంటిల్లు మారిపోయింది. డబ్బాలన్నీ ఎత్తు ప్రకారం వరసలో నిలబడ్డాయి. ప్రతి డబ్బాకీ తెల్లకాగితం అంటించి, లోపల ఏముందో పెద్దక్షరాలతో రాశాడు. కారం డబ్బా మీద 'కారం' అని రాసి ఉంది. కారం ఏదో గుంటూరులో అమ్మకి చెప్పాలా! అంతవరకైతే నవ్వేసేదే. పోపుల డబ్బా అడుగున, మెంతుల గిన్నె కింద, అమ్మ దాచుకున్న నాలుగు వేల మూడొందలు బల్ల మీద లెక్కపెట్టి ఉన్నాయి, పైన పేపర్ వెయిట్‌లా అట్లకాడ.

"ఇది ఏ లెక్కలోది?" అని అడిగాడట.

"పద్దెనిమిదేళ్లు మనియార్డరు మీద ఇల్లు నడిపాను, ఒక్కరోజు లెక్కడిగారా? మీ అమ్మగారి మందులు, పిల్ల ఫీజులు, ఇంటి పన్ను, కోర్టులో ఉన్న పొలం చెక్కకి లాయరు... ఇవాళ మెంతుల కింద డబ్బుకి లెక్క కావాలా?"

రెండు రోజులు మాట్లాడుకోలేదు. నేనప్పుడు ఇంటర్. నాకు బాగా గుర్తున్నదేమంటే, ఆ రెండు రోజులూ అమ్మ డబ్బాలు పాత చోట్లకి సర్దేది, తెల్లారి అయిదింటికి లేచి నాన్న మళ్లీ వరసలో పెట్టేవాడు.

ఆ స్కాలర్ ఇదంతా విన్నాడు గానీ పెన్నుకి మూత పెట్టేశాడు. రాసుకోవడానికి ఫారంలో చోటు లేదు మరి. చివరి పేజీలో 'కుటుంబ సభ్యుల సంతకం' అని ఒక గడి ఉంది. అమ్మ అక్కడ గుండ్రంగా సంతకం పెట్టింది. మా అమ్మ బాగోగులంటే ఆ గడే.

ఆ కోపంలో నేను నెట్‌లో పడి చదివాను. రూబెన్ హిల్ అనే అమెరికా ఆయన 1949లోనే, అయోవాలో 135 సైనికుల కుటుంబాల మీద చేసిన పని అచ్చేశాడు. మగాడు యుద్ధానికి వెళ్లడం ఒక కష్టం, తిరిగి రావడం ఇంకో కష్టం అని రెండిటినీ పక్కపక్కన పెట్టి చూశాడు. మా వంటింటి డబ్బాల గొడవ ఆయనకి చెప్పి ఉంటే ఆశ్చర్యపోయేవాడు కాదు. డెబ్బై ఏళ్ల తర్వాత మన ఫారానికి ఈ ముక్క ఎక్కలేదు. అందరికీ పీటీఎస్‌డీయే కావాలి, అంటే ఘోరమైనదేదో చూశాక మనసుని వదలకుండా పీడించే జబ్బు. అది 1980లో డాక్టర్ల పుస్తకంలోకి ఎక్కిన జబ్బు, ఉంది, కాదనను. కానీ లండన్ కింగ్స్ కాలేజీ వాళ్లు పదివేల మంది దాకా బ్రిటిష్ సైనికుల్ని చూసి 2010లో చెప్పిందేమిటంటే, పీటీఎస్‌డీ లక్షణాలు నూటికి నలుగురిలో, తాగుడు ఇబ్బంది నూటికి 13 మందిలో.

తాగుడంటే గుర్తొచ్చింది. మాజీ సైనికుడు ఇంట్లో ఉంటే చుట్టాలకి ఆయన ఆరోగ్యం గుర్తుండదు, చవగ్గా మందు దొరికే మిలటరీ క్యాంటీన్ కార్డు గుర్తుంటుంది. మా నాన్న మందు ముట్టడు. అయినా పెళ్లి కుదిరిందంటే చాలు, శుభలేఖ కంటే ముందు ఫోనొస్తుంది, "బావా, మీ కోటాలో రెండు ఇప్పించు" అని. నాన్న నడుం నొప్పితో మంచం మీదున్నప్పుడు చూడ్డానికొచ్చిన ఒకాయన కూడా వెళ్తూ వెళ్తూ అదే అడిగాడు. దీని మీద ఎవరైనా పరిశోధన చేస్తే శాంపిల్ నేనిస్తాను.

ఇంతకీ మా ఇల్లు కుదుటపడింది ఏ కౌన్సెలింగ్ వల్లా కాదు. మామయ్యకి చెప్పి అమ్మే నాన్నని ఊరి చివర ఒక కోల్డ్ స్టోరేజీలో సెక్యూరిటీగా చేర్పించింది. బ్రిడ్జీలు కట్టిన మనిషిని గేటు దగ్గర నిలబెట్టి 'వాచ్‌మనూ' అని పిలిచారు, జీతం కూడా అంతంతమాత్రం. నాకు కడుపు మండింది. ఆయనకి మాత్రం ప్రాణం లేచొచ్చింది. మిర్చి సీజన్లో లారీ వస్తే టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, లెక్కపెట్టాలి, చీటీ రాయాలి, వరస తప్పితే మళ్లీ పేర్పించాలి. ఇంట్లో డబ్బాలు వాటి చోట్లకి అవే వెళ్లిపోయాయి.

ఇప్పుడు అగ్నివీరులు నాలుగేళ్లకే ఇంటికొస్తారు, నూటికి 25 మందికి మించి ఉంచుకోరు. నలభై ఒకటిలో వచ్చిన మనిషికే ఏమీ తోచకపోతే, ఇరవై నాలుగులో వచ్చిన కుర్రాడి సంగతి ఏ ఫారంలో రాస్తారో చూడాలి. వాళ్ల అమ్మల్ని అడగమని నా సలహా.

మీరే ఆ పరిశోధన చేస్తున్నట్టయితే గుంటూరు రండి, మా అమ్మ చెబుతుంది. సాయంత్రం అయిదింటికి రండి, నాన్న ఉంటే నోరు విప్పదు. అప్పుడాయన పాల ప్యాకెట్‌కి వెళ్తాడు. సందులో సిమెంటు రోడ్డు పడి ఏళ్లయింది గానీ ఇప్పటికీ రామాలయం చుట్టూ తిరిగే వెళ్తాడు, దార్లో ఎవరో ఒకరు పలకరిస్తారు కాబట్టి మీకు అరగంట దొరుకుతుంది.