గాజు పూసల మీద గుంటలు ఎందుకు పడుతున్నాయి?

ప్రశ్న: విశాఖపట్నం పెదవాల్తేరులో మా ఇంటి వెనుక రేకుల షెడ్డులో గాజును కరిగించే, గ్యాస్, ఆక్సిజన్‌తో మండే టార్చ్ పెట్టుకుని ఏడాదిగా గాజు పూసలు చేస్తున్నాను. వాడేది 104 వ్యాకోచ గుణకం (వేడికి గాజు ఎంత సాగుతుందో చెప్పే అంకె) ఉన్న గాజు కడ్డీలు. పూస మీద రంగు చుక్కల కోసం మిగిలిపోయిన కడ్డీ ముక్కలనూ, పగిలిన చేతి గాజులనూ ఇనుప కల్వంలో దంచి, ఆ పొడిలో వేడి పూసను దొర్లిస్తున్నాను. చల్లారాక చూస్తే పూస నిండా సూదితో పొడిచినట్టు గుంటలు, అక్కడక్కడా బూడిద రంగు మచ్చలు ఉంటున్నాయి. చేతి గాజుల పొడి అద్దిన పూసలు కొన్ని రెండు మూడు రోజులకు వాటంతటవే పగిలాయి. లోపం మంటలో ఉందా, పొడిలో ఉందా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: మీరు చెప్పిన మూడు లోపాలకూ కారణాలు వేరువేరు. అయితే ఎక్కువ తప్పు టార్చ్ వెలిగించక ముందే, కల్వం దగ్గరే జరుగుతోందని నా అభిప్రాయం.

ముందు గుంటల సంగతి. దంచిన గాజులో పిండి, రవ్వ, నూక మూడూ కలిసి ఉంటాయి. అలాంటి పొడిలో పూసను దొర్లిస్తే పెద్ద పలుకుల మధ్య సందుల్లోకి పిండి దూరి, మంట తగలగానే అదే ముందు కరిగి, కింద చిక్కుకున్న గాలికి మూత వేసేస్తుంది. లోపలి గాలి వేడికి ఉబ్బి, బుడగై పైకి వచ్చి పగులుతుంది; ఆ గాయం పూడేలోగా మీరు పూసను మంటలోంచి తీస్తే అక్కడ గుంట మిగిలిపోతుంది. కాబట్టి దంచిన పొడిని మొదట టీ వడపోతలో, తరువాత పలుచని నైలాన్ గుడ్డలో జల్లించి, ఉప్మా రవ్వంత పలుకును మాత్రమే ఉంచుకోండి. ఇనుప కల్వం రజను కూడా అందులో కలుస్తుంది కనుక, కాగితంలో చుట్టిన అయస్కాంతాన్ని రవ్వలో ఒకటి రెండు సార్లు తిప్పండి. కాగితానికి అంటుకునే నల్లటి నూగు చూస్తే పూసల మీద ఎప్పుడైనా నల్ల చుక్కలు కనిపిస్తే అవి ఎక్కడివో తెలిసిపోతుంది.

ఆ తరువాత బియ్యం కడిగినట్టు కడగాలి. గ్లాసులో నీళ్లు పోసి కలిపితే పైకి తేలే పాల వంటి నీటిని వంచేస్తూ, నీరు తేటగా నిలిచేదాకా మార్చండి. చివరి కడుగుకు బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ వాడితే మంచిది, ఎందుకంటే బోరు నీటిలోని ఉప్పు ఆరాక పలుకుల మీద తెల్లగా మిగులుతుంది. మన సముద్రపు గాలిలో ఎండలో ఆరబెట్టిన రవ్వ సాయంత్రానికి మళ్లీ చెమ్మగిల్లి ఉండ కడుతుంది. స్టీలు పళ్లెంలో సన్నని సెగ మీద వేడి చేసి, చల్లారాక బిగుతు మూత ఉన్న సీసాలో పోసుకోండి.

అద్దేటప్పుడు కుప్పలో పొర్లించవద్దు. రవ్వను పళ్లెంలో ఒక్క పొరగా పరిచి, పూస పైభాగం ఎర్రగా మెత్తబడి, ఇంకా జారిపోని దశలో దాన్ని అదమకుండా తేలికగా ఒక చుట్టు తిప్పి తీయండి. తిరిగి మంట చివరి భాగంలో, టార్చ్ మూతికి దూరంగా తిప్పుతూ ఉంటే పలుకులు మెల్లగా అణిగి పూసలో కలిసిపోతాయి. మూతికి దగ్గరగా పెట్టి తొందరపెడితే గాజు పైపొర మరిగి, కొత్త బుడగలు పుడతాయి. రెండో పొర కావాలంటే మొదటిది పూర్తిగా నునుపయ్యాకే అద్దాలి. నా చేతిలో పాడైన పూసల్లో సగానికి పైగా ఈ రెండో పొర తొందరలోనే పాడయ్యాయి.

బూడిద మచ్చలు మాత్రం మంట దోషమే. ఆక్సిజన్ తక్కువై, మంట పసుపు తిరిగి మెత్తగా పొడుగ్గా ఉంటే కొన్ని రంగుల గాజులు, ముఖ్యంగా సీసం ఉన్నవి, నల్లబడతాయి. ఆక్సిజన్ కొద్దిగా పెంచి, లోపలి నీలి మొనలు చిన్నగా, పదునుగా కనిపించేలా చూసుకోండి.

ఇక పగుళ్లు. మన భాషలో కరిగేదీ గాజే, చేతికి తొడిగేదీ గాజే, కానీ ఆ రెండూ ఒకే గాజు కానక్కరలేదు. 104 అంటే ఒక్కో డిగ్రీ సెల్సియస్ వేడికి మీ కడ్డీ తన పొడవులో కోటికి 104 వంతులు సాగుతుంది, చల్లారేటప్పుడు అంతే కుంచించుకుంటుంది. చేతి గాజుది 90 అనుకోండి. 500 డిగ్రీలు దిగేసరికి తేడా కోటికి 7,000 వంతులు, అంటే 0.07 శాతం. కంటికి ఆనని ఈ తేడాయే పూస లోపల బిగుసుకుని, రెండు రోజులకో వారానికో చిట్లగొడుతుంది. తిరుపతి జిల్లా పాపానాయుడుపేటలో గాజు ముద్దను సన్నని గొట్టంగా లాగి తునకలు చేస్తారు. ఒకే ముద్దలోంచి తీసిన పూసకు ఈ పొత్తు కుదరని బాధ లేదు.

కొత్త గాజు దొరికినప్పుడల్లా ఒక పరీక్ష చేసుకోండి. దాని ముక్కనూ, మీ కడ్డీ ముక్కనూ పక్కపక్కన అతికించి, బాగా కాచి, జానెడు పొడవు దారంలా లాగి చల్లారనివ్వండి. దారం నిటారుగా ఉంటే రెండింటికీ పొత్తు కుదిరినట్టే. విల్లులా వంగితే, వంపు లోపలివైపు ఉన్న గాజు ఎక్కువగా కుంచించుకుందన్నమాట. ఆ రెంటినీ ఒక పూసలో కలపకండి. కుదిరిన పూసలనైనా వర్మిక్యులైట్‌లో (వేడిని పట్టి ఉంచే తేలికైన ఖనిజపు పలుకుల్లో) పెట్టి వదిలేయకుండా, కొలిమిలో దాదాపు 520 డిగ్రీల దగ్గర అరగంట నుంచి గంట నిలిపి, తరువాత మెల్లగా దించండి.

దంచేటప్పుడు గాజును కాస్త తడిపి దంచండి, ఎన్95 మాస్కు కట్టుకోండి, షెడ్డును చీపురుతో ఊడవక తడిగుడ్డతో తుడవండి. మీ చేతి గాజులు పరీక్షలో నిలవకపోతే పారేయనవసరం లేదు. ఒకే కట్టలోని ముక్కలతోనే పూస చుట్టి, వాటి రవ్వనే దాని మీద అద్దవచ్చు. బంగారు పూత, పెయింటు ఉన్నవాటిని మాత్రం పక్కన పెట్టండి, ఆ పూత మంటలో మాడి నురగ కడుతుంది.