ఎఫ్-250లో డంప్ ఇన్సర్ట్: 6000 పౌండ్లు ఎత్తుతుందంటే 6000 మోయొచ్చని కాదు

మీరు అడిగింది ఇదీ: టెక్సస్‌లోని ఆస్టిన్ శివార్లలో రెండెకరాల స్థలం, 2019 ఫోర్డ్ ఎఫ్-250 పికప్, వెనక సామాను వేసే బెడ్ పొడవు 6 అడుగుల 9 అంగుళాలు. డ్రైవ్‌వేకి కంకర, చెట్ల మొదళ్ళకి మల్చ్ (నేల మీద పరిచే బెరడు ముక్కలు), తోటకి మట్టి తోలుకోవాలి, పారతో దించుకునే ఓపిక లేదు. చూసిన స్టీలు డంప్ ఇన్సర్ట్ (బెడ్‌లో బిగించి, హైడ్రాలిక్ జాకీతో ఎత్తి సరుకు దించే పెట్టె) మీద 6000 పౌండ్ల కెపాసిటీ అని ఉంది, తీసుకోవచ్చా అని.

ఆ 6000 జాకీ ఎత్తే బరువండీ. బండి మోసే బరువు వేరే చోట రాసి ఉంటుంది. డ్రైవర్ డోరు తెరిస్తే తలుపు చట్రం మీద తెలుపు, పసుపు రంగుల్లో ఒక స్టిక్కరు కనిపిస్తుంది. మనుషులూ సామానూ కలిపి ఇంతకు మించకూడదని కిలోల్లో, పౌండ్లలో అందులో అంకె ఉంటుంది. ఒకే మోడల్‌లో కూడా ఇంజిను, క్యాబ్, ఫోర్ బై ఫోర్‌ని బట్టి ఆ అంకె వందల పౌండ్లు మారుతుంది. కాబట్టి ఇంటర్నెట్‌లో దొరికే అంకె వద్దు, మీ డోరు మీదున్నదే లెక్క.

ఉదాహరణకి అది 3100 అనుకుందాం. ముందు సీట్లలో ఇద్దరికి 350 తీసేస్తే 2750. స్టీలు ఇన్సర్ట్ పొడవునీ రేకు మందాన్నీ బట్టి 700 నుంచి 1000 పౌండ్ల దాకా తూగుతుంది. 850 వేసుకుంటే మిగిలేది 1900. టార్పాలిన్, పారలు, హిచ్ (ట్రైలర్ తగిలించే కొక్కెం), సీటు వెనక పడుండే సామానుకి ఇంకో 100 పోతే 1800. ఇన్సర్ట్ కోసం టెయిల్‌గేట్ (బెడ్ వెనక తలుపు) తీసేస్తే కాస్త బరువు తగ్గే మాట నిజమే, కానీ దాన్ని లెక్కలో వేసుకోకండి, వెసులుబాటుగా ఉండనివ్వండి.

ఇప్పుడు ఆ 1800లో ఏం పడుతుందో చూద్దాం. కంకర క్యూబిక్ యార్డు (27 ఘనపుటడుగులు) సుమారు 2700 పౌండ్లు. తడి ఇసుక 3000 దాటుతుంది. పొడి మట్టి 2000 పైమాటే, వాన తగిలితే 2700 దాకా పోతుంది. ఎండిన బెరడు మల్చ్ 500, 600 మధ్య. అంటే మీ బండిలో కంకర యార్డులో మూడింట రెండు వంతులే. ఆరున్నర అడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు పెట్టెలో అది 8 అంగుళాల ఎత్తు. చూడ్డానికి ఖాళీగానే ఉంటుంది, కానీ బండి నిండిపోయింది. కంకర, మల్చ్ అమ్మే చోట లోడర్ వాడు ఒక బకెట్ పోస్తే సాధారణంగా ఒక క్యూబిక్ యార్డు. అందుకని కంకరైతే 'హాఫ్ యార్డ్' అని టికెట్ రాయించుకునేటప్పుడే చెప్పండి, పోశాక తీయడం ఎవరి తరమూ కాదు. మల్చ్ అయితే పెట్టె నిండా పోయించుకోండి, బెంగ లేదు.

మల్చ్ కోసం పక్కల చెక్కలు పెట్టి గోడలు రెండడుగులకి పెంచడం మామూలే. అప్పుడు దాదాపు రెండు యార్డులు పడుతుంది. చిక్కంతా తర్వాత వారం వస్తుంది. ఆ చెక్కలు తీయకుండా అదే ఎత్తుకి మట్టి నింపితే 4000 పౌండ్లు దాటుతుంది. మట్టి తోలే రోజు చెక్కలు తీసి ఇంట్లోనే పెట్టి వెళ్ళండి.

మొదటి రెండు లోడ్లకి కాటా వేయించండి. హైవే పక్క ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ ఉంటుంది, ముందు ఇరుసు, వెనక ఇరుసు విడివిడిగా చూపిస్తుంది. డోరు మీదున్న రెండో స్టిక్కరులో వెనక ఇరుసు పరిమితి ఉంటుంది, దాంతో పోల్చండి. టైర్లు కూడా చూడండి. పక్కన లోడ్ ఇండెక్స్ 121 అని ఉంటే ఒక్కో టైరు 3195 పౌండ్లు మోస్తుంది, అదీ స్టిక్కరు చెప్పిన గాలి ఉంటేనే. వెనక స్ప్రింగులకి తోడుగా ఎయిర్ బ్యాగులు వేయిస్తే ఎక్కువ మోయొచ్చన్న మాట నమ్మకండి. బండి కుంగకుండా నిలబడుతుంది, అంతే. ఇరుసు, బ్రేకులు, చక్రాల బేరింగులు పాతవే కదా.

ఇక డ్రైవ్‌వే సంగతి. 100 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 4 అంగుళాల మందం అంటే పన్నెండు యార్డుల పైచిలుకు కంకర. హాఫ్ యార్డు చొప్పున ఇరవై ఐదు ట్రిప్పులు. ఈ పనికి మాత్రం డంప్ ట్రక్కు డెలివరీ చెప్పండి, ఒకటీ రెండు ట్రిప్పుల్లో అయిపోతుంది. ఇన్సర్ట్ ఏడాది పొడవునా వచ్చే చిన్న చిన్న లోడ్లకి: మల్చ్, కంపోస్టు, కొమ్మలు, కూల్చిన కంచె. అలాంటివి నెలకి రెండు మూడు సార్లు ఉంటేనే కొనండి. ఎఫ్-150 లాంటి హాఫ్ టన్ (తేలిక తరగతి) బండి ఉన్నవాళ్ళు ఇది చదువుతుంటే, స్టిక్కరు అంకె 1700 అనుకుని అందులోంచి డ్రైవరునీ ఇన్సర్ట్‌నీ తీసేయండి, చేతిలో 700 కూడా మిగలదు. వాళ్ళకి చిన్న డంప్ ట్రైలరే దారి. చాలా రాష్ట్రాల్లో ట్రైలర్ మొత్తం బరువు 3000 పౌండ్లు దాటితే దానికే బ్రేకులుండాలి, బండిలో బ్రేక్ కంట్రోలర్ కావాలి. మల్చ్ ఒక్కటే తోలేవాళ్ళకి టెయిల్‌గేట్‌కి తగిలించి చేత్తో తిప్పే షీట్ అన్‌లోడర్ (కింద పరిచిన షీటుతో సహా సరుకుని బయటికి లాగేది) సరిపోతుంది, బరువూ ఉండదు.

కొనాలనే నిర్ణయించుకుంటే ముందు టేపు పట్టండి. బెడ్ పొడవు పై అంచున కాదు, అడుగున కొలవాలి. రెండు వీల్ వెల్స్ (చక్రాల మీద బెడ్‌లోకి ఉబ్బిన భాగాలు) మధ్య వెడల్పు, అడుగు నుంచి పక్క గోడల పై అంచు దాకా ఎత్తు కూడా రాసుకోండి. మీది ఎనిమిదడుగుల బెడ్ కాదు కాబట్టి షార్ట్ బెడ్‌కి చేసిన మోడలే కావాలి. ఎనిమిదడుగులది తోసి పెడితే బరువంతా వెనక ఇరుసు అవతలికి జారి ముందు చక్రాలు తేలికవుతాయి, స్టీరింగ్ చేతికి వదులుగా తెలుస్తుంది. అలాగని మరీ పొట్టిదీ వద్దు. పెట్టె వెనక పెదవి బంపర్ దాటి బయటికి రావాలి, లేకపోతే ఎత్తిన ప్రతిసారీ కంకర బంపర్ మీదా హిచ్ మీదా పడుతుంది. క్యాబ్ వెనక అడ్డంగా టూల్ బాక్స్ ఉంటే తీసేయాలి, బెడ్ మధ్యలో ట్రైలర్ తగిలించే గూస్‌నెక్ బాల్ ఉంటే అది కూడా. బెడ్‌లో విడిగా పరిచే ప్లాస్టిక్ డ్రాప్-ఇన్ లైనర్ తప్పనిసరిగా తీయాలి, దాని మీద ఇన్సర్ట్ జారుతుంది. రేకు మీదే పూసిన స్ప్రే లైనర్‌తో ఇబ్బంది లేదు.

మీ బండి వెనక కెమెరా టెయిల్‌గేట్ హ్యాండిల్‌లో ఉంటుంది. టెయిల్‌గేట్ తీశాక ఆ కెమెరాని ఇన్సర్ట్ వెనకకో బంపర్‌కో మార్చే హార్నెస్ వేయించండి. ఊడదీసిన కనెక్టరుని గాలికి వదిలేస్తే నీళ్ళు చేరి పచ్చగా చిలుము పడుతుంది, మూత పెట్టించండి.

పెట్టె స్టీలా, అల్యూమినియమా, ప్లాస్టిక్ రకం పాలీనా అంటే, మీ పనులకి నా ఓటు స్టీలుకే. రాళ్ళు, కాంక్రీటు ముక్కలు పడితే అల్యూమినియం సొట్టలు పోతుంది. కానీ అది తేలిక, ఆ మేరకు లోడు ఎక్కువ పడుతుంది. మల్చ్, మట్టి మాత్రమే అయితే పాలీలో తడి సరుకు బాగా జారుతుంది. స్టీలు తీసుకుంటే అడుగు రేకు గేజ్ అడగండి. అంకె తగ్గేకొద్దీ మందం పెరుగుతుంది, 12 కన్నా 10 మేలు.

ఎత్తే కోణం 45 డిగ్రీలకి తగ్గితే వద్దు. తడి బంకమట్టి 40 దగ్గర కదలదు. సగం జారి సగం ముందు మూలకే అతుక్కున్నప్పుడు ఎత్తిన పెట్టె పైభాగంలో బరువు నిలబడిపోతుంది. అప్పుడు చాలామంది బండిని ముందుకీ వెనక్కీ కుదుపుతారు. జాకీ వంగేదీ, బండి పక్కకి పడేదీ ఆ క్షణంలోనే. పెట్టె దించి, పక్కన నిలబడి పొడవాటి గడ్డపారతో అంచులు విడదీసి, మళ్ళీ ఎత్తండి.

మన ఊళ్ళో ట్రాక్టరు ట్రక్కుని ట్రాక్టరు హైడ్రాలిక్కే ఎత్తుతుంది. ఇక్కడ ఆ పని బండి బ్యాటరీ మీద పడుతుంది, అందుకే ఇన్సర్ట్ ఫిర్యాదుల్లో చాలా వరకు నిజానికి వైరింగ్ ఫిర్యాదులు. లోడు మీద పంపు మోటారు 200 ఆంపియర్ల దాకా లాగుతుంది. ముందున్న బ్యాటరీ నుంచి వెనక పంపుకి ఇరవై అడుగులు, తిరుగుదారితో నలభై. 4 గేజ్ కేబుల్ వేస్తే ఆ దారిలోనే దాదాపు 2 వోల్టులు పోతాయి. 2 గేజ్‌లో వోల్టుంబావు, ఇంకా లావైన 1/0 గేజ్‌లో ముప్పావు వోల్టు. పన్నెండులో రెండు పోతే పంపు మూలుగుతుంది, మోటారు వేడెక్కుతుంది. అంతకన్నా చెడ్డది, సోలినాయిడ్ (పంపుకి కరెంటు కలిపే స్విచ్) కాంటాక్టులు సరిగా అంటుకోక నిప్పురవ్వలు లేచి ఒకదానికొకటి అతికిపోతాయి. బటన్ వదిలినా పంపు ఆగదు. కాబట్టి 1/0 రాగి కేబుల్ వేయించండి, బ్యాటరీకి అడుగు లోపలే ఫ్యూజు గానీ బ్రేకరు గానీ పెట్టించండి, చేతికి అందే చోట మెయిన్ కట్-ఆఫ్ స్విచ్ ఉంచండి. నెగటివ్ వైరుని బ్యాటరీ టెర్మినల్‌కి నేరుగా కలపొద్దు. కొత్త బండ్లలో చాలావాటికి అక్కడ కరెంటు కొలిచే సెన్సార్ ఉంటుంది, దాన్ని దాటేస్తే చార్జింగ్ లెక్క తప్పుతుంది. ఛాసిస్ గ్రౌండ్ పాయింటుకి, పెయింటు గీకి బిగించాలి. ఎత్తేటప్పుడు ఇంజిను ఆన్‌లోనే ఉండాలి.

సింగిల్ యాక్టింగ్ పంపు పైకి మాత్రమే తోస్తుంది, దిగడం పెట్టె బరువు మీదే. డబుల్ యాక్టింగ్ కిందికీ లాగుతుంది. ఆస్టిన్ వేడికి సింగిల్ చాలు. షికాగో లాంటి చోట, చలికి ఆయిలు చిక్కబడి ఖాళీ పెట్టె సగంలో ఆగిపోయే చోట, డబుల్ తీసుకోవాలి.

ఆయిలు మాన్యువల్‌లో ఏం రాస్తే అదే పోయండి. కొన్ని యూనిట్లకి ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్లకి వాడే ఆయిలు), కొన్నిటికి ఐఎస్ఓ 32 హైడ్రాలిక్ ఆయిలు. బ్రేక్ ఫ్లూయిడ్ పోస్తే రబ్బరు సీళ్ళు ఉబ్బి పాడవుతాయి. లెవెల్ ఎప్పుడూ పెట్టె పూర్తిగా దించి చూడాలి. ఎత్తి ఉంచి నిండా పోస్తే, దించగానే జాకీలోని ఆయిలు ట్యాంకుకి తిరిగొచ్చి మూతలోంచి పొంగుతుంది. పెట్టె పైదాకా పోకుండా మూడొంతుల దగ్గర ఆగితే ముందు ఆయిలే చూడండి. తెల్లగా పాలలా ఉంటే నీళ్ళు కలిశాయి, మొత్తం మార్చాలి. ఒత్తిడి హద్దు దాటకుండా ఆపే రిలీఫ్ వాల్వు బిగించి శక్తి పెంచమని ఎవరన్నా చెప్తే వినకండి.

బిగించేటప్పుడు బెడ్‌కి రంధ్రం వేసే ముందు కింద పడుకుని చూడండి: డీజిల్ ట్యాంకో పెట్రోల్ ట్యాంకో, బ్రేక్ పైపులు, వైరింగు. బోల్టులు బెడ్ రేకుని మాత్రమే పట్టుకుంటే చాలదు, ఫ్రేముకి అందాలి. మీ బెడ్ అల్యూమినియం (2017 నుంచి ఎఫ్-250 వర్గపు సూపర్ డ్యూటీలన్నీ అంతే), స్టీలు దానికి నేరుగా తగిలి తడిస్తే అల్యూమినియమే తినుకుపోతుంది. మధ్యలో నైలాన్ వాషర్లు, రబ్బరు షీటు వేయించండి, రంధ్రాల అంచులకి ప్రైమరు పూయించండి.

ఎత్తేటప్పుడు నేల సమంగా ఉండాలి, తల పైన కరెంటు తీగలు ఉండకూడదు, వెనక తలుపు గొళ్ళెం ముందే తీయాలి. గ్రీజు కొట్టడానికైనా సరే, సేఫ్టీ ప్రాప్ నిలబెట్టకుండా పెట్టె కింద చెయ్యి పెట్టొద్దు. ఒక్క హోస్ పగిలితే ఆపేది ఏదీ ఉండదు.

పాతది చౌకగా దొరికితే చూడటానికి వెళ్ళేటప్పుడు టార్చి, కాస్త బరువు తీసుకెళ్ళండి. జాకీ రాడ్డు మీద గోరు ఆడించండి, గుంట తగిలితే సీలు పోయినట్టే. కీలు పిన్నులు కదిపి చూడండి, రంధ్రం కోడిగుడ్డులా సాగి ఉంటే వదిలేయండి. బరువు పెట్టి సగం ఎత్తి, స్విచ్ ఆపి, అంచు దగ్గర చాక్‌పీసుతో గీత గీసి పది నిమిషాలు ఆగండి. గీత కిందికి జరిగితే జాకీయో వాల్వో లీకవుతోంది, ఆ ఖర్చు తగ్గించి బేరం ఆడండి.